యుద్ధం వస్తుందా అని ఎవరిని అడగాలి: టీవీ, ఓసింట్, పందెం మార్కెట్, పాత లెక్కలు

పహల్గామ్‌లో 2025 ఏప్రిల్ 22న 26 మందిని కాల్చి చంపిన వారం అది. బెంగళూరు మారతహళ్లిలో మేం మధ్యాహ్నం తినే ఆంధ్రా మెస్‌లో అన్ని బల్లల దగ్గరా ఒకటే మాట: యుద్ధం వస్తుందా, రాదా? మా బల్ల దగ్గర నలుగురం. అనంతపురం కుర్రాడికి మే 16న లేహ్‌కి టికెట్లున్నాయి. ఒంగోలు అక్క తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు, పోస్టింగ్ జమ్మూ వైపు. రాజంపేట అన్న వాళ్ల నాన్న, చిన్నాన్న ఇద్దరూ కువైట్‌లో. నాది ప్రొద్దుటూరు. నాకు పోయేదేమీ లేదు, రోజూ సాయంత్రం ఫోన్‌లో అమ్మకి జవాబు చెప్పుకోవడం తప్ప. “యుద్ధమొస్తాదంట గదా నాయనా, నాల్రోజులు ఊరికొచ్చి పోగూడదా?”

నిజానికి నలుగురికీ కావాల్సింది వేరువేరు జవాబులు. లేహ్ కుర్రాడికి మే 16న విమానం లేస్తుందో లేదో తెలిస్తే చాలు. రాజంపేట అన్నకి జమ్మూతో పనే లేదు, గల్ఫ్ మీద ఆకాశం తెరిచి ఉంటే చాలు. అయినా అందరం అదే టీవీ, అదే వాట్సాప్ ఫార్వర్డులు చూసి ఒకేలా టెన్షన్ పడుతున్నాం. ఆ సాయంత్రమే ఒక షీట్ తెరిచాం. ఎవరి అంచనా వాళ్లు శాతాల్లో రాయాలి, గడువు తేదీ వేయాలి, ఏం చూసి రాశారో పక్క గడిలో పెట్టాలి. ఏడాది చివర్లో అందరికంటే ఎక్కువ తప్పినవాళ్లు బిర్యానీ పెట్టించాలి. భారత్–పాక్‌తో మొదలైన ఆ షీట్ ఇరాన్–ఇజ్రాయెల్, తైవాన్ దాకా పోయింది. ఏ ఆధారం ఏ పనికొస్తుందో దాని వల్ల నాకు కొంత తెలిసింది.

ముందు ప్రశ్న సరిచేసుకోవాలి

“యుద్ధం వస్తుందా” అనే ప్రశ్న లెక్కకు దొరకదు. 2019 ఫిబ్రవరి 26న బాలాకోట్ మీద బాంబులు పడ్డాయి. మర్నాడు రెండు దేశాల విమానాలు గాల్లో తలపడ్డాయి. మన పైలట్ పట్టుబడి మార్చి 1న తిరిగొచ్చాడు. అది యుద్ధమా? మా బల్ల దగ్గర ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. మాటకు హద్దు గీయకపోతే అంచనా తప్పిందో ఒప్పిందో ఎవరూ తేల్చలేరు. టీవీ చర్చల్లో కూర్చునేవాళ్లకు కావాల్సింది కూడా అదేనని నా అనుమానం.

ఈ జబ్బు గూఢచారులకీ ఉండేది. 1951లో అమెరికా నిఘా విభాగం, యుగోస్లావియా మీద సోవియట్ దాడి జరగడం “గట్టిగా పరిగణించాల్సిన అవకాశం” అని రాసింది. ఆ మాటకు ఎంత శాతం అనుకున్నారని ఆ విభాగంలోని షెర్మన్ కెంట్ తర్వాత తన బృందాన్నే అడిగాడు. ఒకరు 20 అన్నారు, ఇంకొకరు 80. కెంట్ మనసులో ఉన్నది 65. కాగితం మీద అందరూ కలిసి సంతకం పెట్టిన వాక్యం ఒక్కటే!

అందుకని ప్రశ్నని మెట్లుగా విడగొట్టుకోండి. అమెరికా అణు వ్యూహకర్త హెర్మన్ కాన్ 1965లో యుద్ధం దాకా, దాన్ని దాటి అణు సర్వనాశనం దాకా 44 మెట్లు కట్టాడు. మనకు అన్ని అక్కర్లేదు, ఆరేడు చాలు: రాయబార సిబ్బందిని తగ్గించడం, సరిహద్దు మూయడం, నియంత్రణ రేఖ వెంట కాల్పులు, ఒకసారి దాడి, దానికి ఎదురుదాడి, రోజుల తరబడి దాడులు, చివరికి సైన్యం సరిహద్దు దాటి లోపలికి నడవడం. ఒక్కో మెట్టుకీ ఒక తేదీ, ఒక శాతం. “మే 10లోపు సరిహద్దు దాటి దాడి చేశామని భారత ప్రభుత్వమే ప్రకటిస్తుందా” అని రాసుకుంటే అప్పుడది ప్రశ్న.

టీవీ, యూట్యూబ్

దీని మీద ఎక్కువ సమయం పెట్టను. 2025 మే 8 రాత్రి కరాచీ పోర్టు ధ్వంసమైందని మన చానళ్లు కొన్ని ఊగిపోతూ చెప్పాయి. తెల్లారేసరికి పోర్టు పోర్టులాగే ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. వందల మంది నిపుణుల రాజకీయ అంచనాలను దాదాపు 20 ఏళ్లు లెక్కగట్టిన ఫిలిప్ టెట్‌లాక్‌కి తేలింది కూడా ఇలాంటిదే: మీడియాలో ఎంత ఎక్కువ కనబడితే, అంచనా అంత ఎక్కువ తప్పింది. తడబాటు లేకుండా మాట్లాడేవాణ్నే కదా చానల్ పిలిచేది.

కరాచీ అంటే గుర్తొచ్చింది. 2019లో పుల్వామా తర్వాత ఇందిరానగర్‌లోని కరాచీ బేకరీ ముందు గుంపు చేరితే, వాళ్లు బోర్డు మీద “కరాచీ” అన్న మాటకి గుడ్డ కప్పుకోవాల్సి వచ్చింది. దేశవిభజనప్పుడు సింధ్ నుంచి వచ్చిన కుటుంబం హైదరాబాద్‌లో పెట్టిన దుకాణం అది. ఉద్రిక్తత సరిహద్దులో ఏ మెట్టు మీదున్నా, టీవీ మాత్రం దాన్ని మన వీధిలో రెండు మెట్లు పైకి తీసుకెళ్తుంది.

ఓసింట్ ఖాతాలు, విమానాల మ్యాపులు

ఉపగ్రహ చిత్రాలు, ఫ్లైట్‌రాడార్24లో విమానాల కదలిక, విమానాలకు ఇచ్చే నోటామ్ హెచ్చరికలు, ఇవన్నీ ఎవరైనా చూడొచ్చు. ఇలా బహిరంగంగా దొరికే సమాచారాన్ని చదివి సంగతి తేల్చడమే ఓసింట్, ఆ పని చేసే ఖాతాలు ఎక్స్‌లో ఉంటాయి. మంచివాళ్లు నిజంగా మంచివాళ్లే. జరిగిందేమిటో తేల్చడంలో వీళ్లకు సాటి లేదు. జరగబోయేది చెప్పడంలో మాత్రం తడబడతారు. పైగా ఆ మే నెలలో వీడియో గేమ్ దృశ్యాలు కూడా వైమానిక దాడులుగా తిరిగాయి. ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగం కూర్చుని ఖండించాల్సి వచ్చింది.

నోటామ్ విషయంలో నేనే బోల్తా పడ్డాను. మే 7 రాత్రి తొమ్మిదిన్నర నుంచి పాక్ సరిహద్దు వెంట మన వాయుసేన విన్యాసాలు ఉంటాయని నోటామ్ వచ్చింది. ఏదైనా జరిగితే ఆ తర్వాతే అనుకుని 6వ తేదీ ప్రశాంతంగా పడుకున్నాను. ఆపరేషన్ సిందూర్ 7వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంట దాటగానే మొదలై అరగంటలో ముగిసింది. అందరికీ కనబడేలా వేసిన కాగితాన్ని అవతలివాళ్లు కూడా చదువుతారని వేసేవాళ్లకు తెలియదా?

పాత లెక్కలు

నా ఓటు మొదట దీనికే. విసుగు పుట్టించే పనే గానీ ఖర్చు లేదు. ఇంతకుముందు ఇలాంటిది జరిగినప్పుడు ఏమైందో రాసుకోవడమే.

పెద్ద ఉగ్రదాడి తర్వాత మన దేశం బహిరంగంగా సైనిక చర్యతో బదులిచ్చిందా? 2001 డిసెంబర్ 13, పార్లమెంటు: సుమారు పది నెలలు సైన్యాన్ని సరిహద్దులో నిలబెట్టారు, దాటలేదు. 2008 ముంబై: లేదు. 2016 జనవరి పఠాన్‌కోట్: లేదు. 2016 సెప్టెంబర్ 18 ఉరీ: 29న సర్జికల్ స్ట్రైక్స్. 2019 ఫిబ్రవరి 14 పుల్వామా: 26న బాలాకోట్. అంటే పహల్గామ్ నాటికి ఐదింట్లో రెండు. వరస చూస్తే మాత్రం చివరి రెండుకి రెండు. 40 శాతానికీ నూటికీ మధ్య ఎక్కడో నిలబడాలి. నేను 70 దగ్గర ఆగాను.

ఇందులో ఇంకో చిన్న లెక్క ఉంది. ఉరీ తర్వాత 11 రోజులు, పుల్వామా తర్వాత 12. ఏప్రిల్ 30న పాకిస్తాన్ సమాచార మంత్రి అతావుల్లా తరార్, 24 నుంచి 36 గంటల్లో భారత్ దాడి చేస్తుందని తమకు నమ్మకమైన సమాచారం ఉందన్నాడు. వాట్సాప్ అంతా అదే. పాత లెక్క ప్రకారం అప్పటికి ఎనిమిది రోజులే అయింది, ఇంకా టైముంది. చివరికి దాడి జరిగింది 15వ రోజున. మంత్రిగారి గడువు దాటిపోయాక “ఇంకేం లేదులే” అనుకున్నవాళ్లు కూడా తప్పారు, ఆ 36 గంటలూ నిద్ర మానుకున్నవాళ్లూ తప్పారు.

అంతమాత్రాన ఈ లెక్కని నెత్తిన పెట్టుకోకండి. జాబితాలో ఏది చేర్చాలన్నది మన చేతిలో ఉంది. 2016 నవంబర్ నగ్రోటా, 2024 జూన్ రియాసీ కలిపితే శాతం కిందికి జారుతుంది. 2025 నవంబర్ 10న ఎర్రకోట దగ్గర పేలుడు జరిగాక మా షీట్‌లో ముగ్గురం 11–15 రోజుల లెక్క పట్టుకుని కూర్చున్నాం. ఆ రోజులు గడిచిపోయాయి, దాడి జరగలేదు.

రెండోది, మెట్టు స్థిరంగా ఉండదు. 2016లో సైనికులు నడిచి వెళ్లి వచ్చారు. 2019లో విమానాలు ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో బాంబులు వేశాయి. 2025లో తొమ్మిది చోట్ల కొట్టారు, అందులో పాక్ పంజాబ్ నడిబొడ్డున ఉన్న బహావల్‌పూర్, మురీద్కే ఉన్నాయి. ఆ తర్వాత డ్రోన్లు, క్షిపణులు, వైమానిక స్థావరాలు. “ఇంతకుముందు ఇంతే జరిగింది, ఇప్పుడూ ఇంతే” అన్నవాళ్ల పైకప్పు ప్రతిసారీ ఎగిరిపోయింది. అదే సమయంలో 1998 అణు పరీక్షల తర్వాత సైన్యాలు పెద్దఎత్తున అంతర్జాతీయ సరిహద్దు దాటలేదు. కార్గిల్‌లో కూడా వాయుసేనకు నియంత్రణ రేఖ దాటొద్దన్న ఆంక్ష ఉండేది. కింది మెట్లకు ఎక్కువ శాతం, పై మెట్టుకు బాగా తక్కువ అని రాయడానికి కారణం ఇదే.

పాత లెక్క పూర్తిగా చేతులెత్తేసిన చోటు గల్వాన్. చైనా సరిహద్దులో 1975 తర్వాత 2020 దాకా ఒక్క సైనికుడూ ఘర్షణలో చనిపోలేదు. 2017లో డోక్లాం 73 రోజులు సాగి తూటా పేలకుండా ముగిసింది. 2020 మేలో ఎవరైనా నన్నడిగితే ఒకటో రెండో శాతం అనేవాణ్ని. జూన్ 15 రాత్రి సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది మనవాళ్లు చనిపోయారు, అదీ తుపాకులు పేలకుండానే. అయితే అంత జరిగాక కూడా అది యుద్ధం కాలేదు. గస్తీ మీద ఒప్పందం కుదిరేసరికి 2024 అక్టోబర్ వచ్చింది.

డబ్బు ఖర్చయ్యే సంకేతాలు

మాట ఊరికే వస్తుంది. సరుకు కదిలించాలంటే ఖర్చవుతుంది. నేను పాత లెక్కతో ఒక శాతం రాసుకుని, దాన్ని పైకో కిందికో జరపడానికి చూసేది ఈ రెండో రకాన్నే.

2022 ఫిబ్రవరి 15 దీనికి మంచి పాఠం. ఆ రోజు రష్యా, ఉక్రెయిన్ సరిహద్దు దగ్గరున్న కొన్ని దళాలు తిరిగి స్థావరాలకు వెళ్తున్నాయని చెప్పింది. లోకమంతా హమ్మయ్య అనుకుంది. అదే రోజు కీవ్‌లోని మన రాయబార కార్యాలయం, ఉండక తప్పని పని లేనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి రావడం ఆలోచించమని సలహా ఇచ్చింది. అంతకు రెండు వారాల ముందే, గాయపడ్డవాళ్ల కోసం రక్తం నిల్వలను కూడా సరిహద్దుకు చేరుస్తున్నారని అమెరికా అధికారులు చెప్పారు. బెదిరించడానికి ట్యాంకులు చాలు. పాడైపోయే రక్తాన్ని ఎవరు మోసుకెళ్తారు? 24న దాడి మొదలైంది. క్లాసులు పోతాయని ఆగిపోయిన మన తెలుగు పిల్లలు ఎంతమందో బంకర్ల నుంచి ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానాల్లో రావాల్సి వచ్చింది. హావేరి కుర్రాడొకడు ఖార్కివ్‌లో ప్రాణాలే పోగొట్టుకున్నాడు. దాడి జరుగుతుందని సరిగ్గా చెప్పిన అమెరికా నిఘా, కీవ్ కొద్ది రోజుల్లో పడిపోతుందన్న అంచనాలో ఘోరంగా తప్పింది. మొదలవడం ఒక ప్రశ్న, ఎలా సాగుతుందన్నది ఇంకో ప్రశ్న.

1973లోనూ ఇంతే. అక్టోబర్ 6న ఇజ్రాయెల్ మీద ఈజిప్టు, సిరియా చేసిన దాడికి ఒకటి రెండు రోజుల ముందు సోవియట్ వాళ్లు ఆ రెండు దేశాల నుంచి తమ కుటుంబాలను విమానాలెక్కించి పంపేశారు. ఇజ్రాయెల్ నిఘా అది చూసింది, ఈజిప్టుకి ఇంకా అంత బలం లేదన్న నమ్మకంతో పక్కన పెట్టింది. దానికి తోడు అదే ఏడాది మేలో ఒకసారి దాడి వస్తుందనుకుని సైన్యాన్ని పిలిపించి, ఏమీ రాక, డబ్బు పోగొట్టుకున్నారు. నాన్నా పులి కథే.

పులి రాని రోజు మన ఊరికీ తెలుసు. పార్లమెంటు దాడి తర్వాత సైన్యాలు సరిహద్దులో నిలబడి ఉన్నప్పుడు, 2002 మే 31న అమెరికా తన పౌరులను ఇండియా విడిచి రమ్మంది. నియంత్రణ రేఖ వెంట ఏం జరిగిందో గానీ బెంగళూరు ఐటీ ఆఫీసులకు మాత్రం దెబ్బ తగిలింది, విదేశీ క్లయింట్లు ప్రయాణాలు ఆపుకున్నారు. యుద్ధం రాలేదు. ఖర్చుతో కూడిన సంకేతం కూడా ఒక్కటే అయితే చాలదు. రెండు మూడు వేర్వేరు చోట్ల నుంచి ఒకే వైపు చూపించాలి. 2025 మే 5న అలా జరిగింది: దేశవ్యాప్తంగా 7న పౌర రక్షణ మాక్ డ్రిల్ పెట్టమని కేంద్రం చెప్పింది, అప్పటికే సింధు జలాల ఒప్పందం నిలిపేశారు, ఒకరి విమానాలకు ఒకరు గగనతలం మూసేశారు. బెంగళూరులో కూడా డ్రిల్ అని తెలిశాక అమ్మకి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

జనం పందేలు

పోలీమార్కెట్ లాంటి చోట్ల జనం డబ్బు పెట్టి అంచనా కొంటారు. జరిగితే ఒక డాలర్ ఇచ్చే చీటీ 30 సెంట్లకు అమ్ముడైతే 30 శాతం అని అర్థం. మెటాక్యులస్‌లో డబ్బుండదు, పాయింట్లే. మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఫలానాది జరుగుతుందా లేదా అని పందెం కాయించే ఓపీనియన్ ట్రేడింగ్ యాప్‌లు ఆ వ్యాపారం మానుకున్నాయి. కాబట్టి చూసి ఊరుకోండి. మనుషులు చనిపోతారా అన్నదాని మీద డబ్బు కాయడం నాకు ఎలాగూ గిట్టదు.

చూడ్డానికి మాత్రం పనికొస్తాయి. ఒక నంబరు ఉంటుంది, గడువు ఉంటుంది, వార్త వచ్చిన నిమిషాల్లో మారుతుంది. కానీ షరతుల్లో చిన్న అక్షరాలు కూడా చదవాలి. 2025లో జెలెన్‌స్కీ వేసుకున్నది సూటా కాదా అన్నదాని మీద కోట్ల డాలర్ల తగాదా నడిచింది. సూటు దగ్గరే అంత గొడవైతే “సైనిక దాడి” అన్న మాట సంగతేంటి? నా మటుకు నేను మెటాక్యులస్ వైపే మొగ్గుతాను. అక్కడ ఎందుకు ఆ శాతం వేశారో జనం రాస్తారు, నంబరుకంటే అదే విలువైంది.

మీరు సొంతంగా రాసుకుంటే మార్కులు వేసుకునే పద్ధతి కూడా తేలిక. గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1950లో చెప్పింది. జరిగితే 1, జరక్కపోతే 0. దానికీ మీ అంచనాకీ ఉన్న తేడాని వర్గం చేయండి. ఎప్పుడూ 50 శాతం అనేవాడికి 0.25 వస్తుంది. ఎంత తక్కువైతే అంత మంచిది. మే 10లోపు దాడి అని 70 రాసినందుకు నాకు 0.09 వచ్చింది, మెస్‌లో రెండు రోజులు కాలరెగరేశాను. మే 20 దాకా కాల్పులు ఆగవని 65 రాసినందుకు 0.42. నాణెం ఎగరేసినా దానికంటే నయం. 10వ తేదీ సాయంత్రం ఐదు నుంచే కాల్పులు ఆపుతున్నట్టు రెండు దేశాల సైనిక కార్యకలాపాల అధిపతులు (డీజీఎంఓలు) మాట్లాడుకున్నారు.

షేర్లు, చమురు

షేర్ మార్కెట్‌కి ముందే తెలుస్తుందని ఆఫీసులో ఒకాయన గట్టి నమ్మకం. సిందూర్ జరిగిన మే 7న సెన్సెక్స్ వంద పాయింట్లు పెరిగి ముగిసింది. 9న 880 పడింది. కాల్పులు ఆగాక 12న 2,975 లేచింది. ముందు చెప్పలేదు, వెనకాల నడిచింది. చమురు కాస్త తెలివైంది. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిన రోజే బ్రెంట్ ముడి చమురు ధర 7 శాతం పడింది. టీవీలో మూడో ప్రపంచ యుద్ధం నడుస్తుంటే, చమురు వ్యాపారులు అది పరువు కోసం వేసిన దెబ్బేనని, చమురు ఓడలు నడిచే హోర్ముజ్ జలసంధి జోలికి పోలేదని చదువుకున్నారు. మర్నాటికి కాల్పుల విరమణ వచ్చింది. దాడి జరిగాక ఉద్రిక్తత పైకి పోతుందా కిందికి దిగుతుందా అన్నదానికి చమురు వైపు చూడొచ్చు.

ఎవరికి ఏది

అనంతపురం కుర్రాడు తరార్ మాట విని మే 1నే లేహ్ టికెట్లు క్యాన్సిల్ చేసి డబ్బు కోయించుకున్నాడు. మూసిన 32 విమానాశ్రయాలు 12న తెరిచారు, వాడి విమానం 16న. మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నట్టు. వాడికి శాతం కంటే టికెట్ షరతులు ముఖ్యం. ఎయిర్‌లైన్ రద్దు చేస్తే డబ్బు మొత్తం తిరిగివ్వాలి లేదా వేరే విమానం చూపాలి. మనం రద్దు చేస్తేనే కోత. అంటే ఆగడం వల్ల టికెట్ మీద పోయేది చాలా తక్కువ. హోటల్ అడ్వాన్స్ సంగతి వేరు, దానికి తేదీ మార్పు ముందే అడగాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో యుద్ధానికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది, ఆ పేజీ చదవండి. ఇలాంటి ప్రయాణాలకు పాత లెక్క, గడువుకి రెండు రోజుల ముందు విమానాశ్రయం స్థితి, ఈ రెండు చాలు.

రాజంపేట అన్నలాంటివాళ్లకు నేను చెప్పేది మరోలా ఉంటుంది. అక్కడ ఆలస్యం చేస్తే పోయేది టికెట్ డబ్బు కాదు. జూన్ 23న కువైట్ కూడా గగనతలం కాసేపు మూసింది. 20 శాతం అని ఎవరన్నా సరే, సిద్ధంగా ఉండటానికి అది ఎక్కువే. రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించడం, పాస్‌పోర్టు మన దగ్గరుందా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరుందా చూసుకోవడం, ఒక నెల ఖర్చు చేతిలో ఉంచుకోవడం. వీటికి ఖర్చు దాదాపు ఉండదు కాబట్టి ఐదు శాతానికే చేసేయొచ్చు. రాయబార సలహా రెండోసారి ఘాటుగా వచ్చిందంటే మాత్రం పందెం మార్కెట్ చూస్తూ కూర్చోకూడదు, బయల్దేరాలి.

ఒంగోలు అక్కకి ఏది సిఫార్సు చేయాలో నాకు ఆనాడూ తెలియలేదు. తమ్ముడి ఫోన్ మే 7 నుంచి కలవలేదు. ఆమె మెస్‌కి వచ్చేది, మాతో కూర్చునేది, షీట్ మాత్రం తెరవలేదు. 11వ తేదీ ఆదివారం పొద్దున గ్రూపులో రెండే మాటలు పెట్టింది: “ఫోన్ చేశాడు”. ఆమె వరసలో ఆ ఐదు రోజుల గడులు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. ఏడాది చివర్లో మార్కులు వేసేటప్పుడు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. బిర్యానీ నేనే పెట్టించాను.